అమ్మ ఫైలు

మీసేవ కౌంటర్లో కూర్చోబట్టి పదకొండేళ్లు. ఆదాయం సర్టిఫికెట్, కులం సర్టిఫికెట్, ఆధార్ మార్పులు, పింఛను దరఖాస్తులు... మా మండలంలో సగం ఇళ్ల కాగితాలు నా చేతి మీదుగా పోయినవే. ఆమె నింపితే ఫారం వాపసు రాదు అని చిన్న పేరు కూడా ఉంది. అలాంటిది మా అమ్మ ఆధార్‌లో ఇంటిపేరుతో సహా పూర్తి పేరు, వయసు 58 ఉంటే, రేషన్ కార్డులో ఉత్త పేరు, వయసు 51 ఉన్న సంగతి నాకే తెలియదు. 2025 జనవరి దాకా తెలియాల్సిన అవసరం రాలేదు.

సంక్రాంతికి అమ్మ దగ్గరికి వెళ్లా. దండెం మీద బట్టలు ఆరేస్తూ ఎడమ చెయ్యి పైకి ఎత్తలేక కుడి చేత్తోనే అన్నీ వేస్తోంది. అడిగితే "ఏం లేదే, నరం పట్టింది" అంది. రాత్రి పడుకున్నాక మళ్లీ అడిగా. అప్పుడు నా చెయ్యి తీసుకుని చంక కింద పెట్టుకుంది. గట్టిగా, రేగుకాయంత. "దసరా నుంచి ఉంది బిడ్డా. నొప్పేం లేదు" అంది. నొప్పి లేదని గడ్డను వదిలేయకూడదని నాకు తర్వాత డాక్టరు చెప్పింది. అమ్మ మాత్రం నొప్పి లేదు కాబట్టే ఊరుకుంది.

ఇందులో నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం ఒకటుంది. దసరా అయిన కొద్దిరోజులకే ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి ఒక ఫారం నింపుకుని వెళ్లింది. ముప్పై ఏళ్లు దాటిన అందరికీ బీపీ, షుగర్‌తో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు కూడా స్క్రీనింగ్ చేయాలన్నది కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం. ఆ ఫారంలో రొమ్ములో గడ్డ ఉందా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఆశా అడిగింది కూడా. కానీ అరుగు మీద మా అన్న, పక్కింటి మామ కూర్చుని ఉన్నారు. అమ్మ లేదు అంది. ఆమె లేదు అని టిక్ పెట్టుకుని వెళ్లిపోయింది. ప్రశ్న రాసినవాళ్లది తప్పని గానీ, అడిగినామెది తప్పని గానీ నేను అనను. రోజంతా ఫారాలతో బతికేదాన్ని కాబట్టి నాకు తెలిసింది ఒకటే: ఆ ప్రశ్న అరుగు మీద అడిగేది కాదు.

తర్వాతి మంగళవారం అమ్మను పీహెచ్‌సీకి తీసుకెళ్లా. 2023 మహిళా దినోత్సవం నాడు 'ఆరోగ్య మహిళ' పేరుతో మంగళవారాలు ఆడవాళ్లకు ప్రత్యేకంగా పరీక్షలు మొదలుపెట్టారు, ఆ లెక్కన మంగళవారమైతే లేడీ డాక్టరు ఉంటుందని. ఉంది. తలుపు వేసి చూసింది. రెండు నిమిషాల్లో రెఫరల్ రాసి, "ఆలస్యం చెయ్యొద్దమ్మా, ఈ వారమే వెళ్లండి" అంది. ఖర్చు సున్నా.

ఖర్చు అక్కడి నుంచి మొదలైంది. అది కొంత మా తొందర వల్లే. రెఫరల్ తీసుకుని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాల్సింది. టెన్షన్‌లో మా అన్న టౌన్లోని ఒక ప్రైవేటు డయాగ్నొస్టిక్‌కు తీసుకుపోయాడు. మామోగ్రాం 2,000, అల్ట్రాసౌండ్ 1,200, సూదితో కణాలు లాగే పరీక్ష 1,500. మూడో రోజు రిపోర్టులో అనుమానం ఉందని వచ్చింది. ఆ కాగితం పట్టుకుని హైదరాబాద్ పోతే, అది చాలదన్నారు. సన్న సూదితో తీసిన కణాలను బట్టి క్యాన్సర్ అవునా కాదా చెప్పగలరు గానీ, ఏ రకమో తేల్చాలంటే చిన్న ముక్క తీయాలి. దాన్ని ట్రూకట్ బయాప్సీ అంటారు. ఆ ముక్క మీదే ఈఆర్, పీఆర్, హెర్-2 ఉన్నాయా అని ఐహెచ్‌సీ అనే ఇంకో పరీక్ష చేస్తారు. మొదటి రెండూ హార్మోన్లకు సంబంధించినవి, మూడోది ఒక ప్రోటీన్. మందు ఏదన్నది దాన్ని బట్టే. అంటే మేం టౌన్లో పెట్టిన 1,500 నీళ్లలో పోసినట్టే.

ఏ ఆసుపత్రి అన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చ. ఎవర్ని అడిగినా ముందు చెప్పేది రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే. 1955 నుంచి ఉన్న సర్కారు క్యాన్సర్ ఆసుపత్రి, మా చిన్నత్త అక్కడే బాగై ఇంటికొచ్చి పన్నెండేళ్లయింది. నాకు అక్కడికే పోవాలని. అన్నకేమో ఆరోగ్యశ్రీ ఉన్న ప్రైవేటు ఆసుపత్రి అయితే త్వరగా అవుతుందని. ఇంటికి పెద్దకొడుకు మాట నెగ్గింది. నెట్‌వర్క్ ఆసుపత్రి ఒకటి చూసుకుని చేరాం.

అక్కడ ఆరోగ్యశ్రీ కౌంటర్లో కూర్చునే అబ్బాయిని మిత్ర అంటారు, ఆరోగ్యమిత్ర. కార్డు, ఆధార్, రిపోర్టులు చూశాడు. "బయాప్సీ, ఐహెచ్‌సీ, సీటీ, బోన్ స్కాన్ అయ్యాక రండక్కా. అవి ఉంటేనే ప్రీ-ఆథ్ పెడతాం" అన్నాడు. ప్రీ-ఆథ్ అంటే చికిత్సకు ముందే పథకం దగ్గర తీసుకునే అనుమతి. ఆ పరీక్షలన్నీ ఎక్కడ చేయించాలి? "ఇక్కడే, బిల్లింగులో కట్టండి."

రాసి పెట్టుకున్న లెక్క ఇది. ట్రూకట్ 4,500. ఐహెచ్‌సీ 6,000. సీటీ 7,000. బోన్ స్కాన్ 4,500. టౌన్లో పెట్టింది కలుపుకుని 26,700. అమ్మకు జబ్బు ఉందని కాగితం మీద రుజువయ్యేసరికి మా ఇంట్లోంచి పోయిన డబ్బు. అన్న రెండు చిట్టీలు పాడుకున్నాడు. పథకం డబ్బు రుజువయ్యాక మొదలైంది, ఆ తర్వాత నిజంగానే మందులకు, ఆపరేషన్‌కు మేం ఇచ్చింది లేదు. కానీ రుజువు ఖర్చు దగ్గరే ఎంతమంది ఆగిపోతారో ఆ బిల్లింగు క్యూలో నిలబడితే తెలుస్తుంది. నా ముందు నిలబడ్డ ఒక పెద్దాయన ఐహెచ్‌సీ రేటు విని, మళ్లీ వస్తానని చెప్పి ఫైలు చంకలో పెట్టుకుని పోయాడు. ఆయన్ని మళ్లీ నేను చూడలేదు. వేరే చోట చేయించుకున్నాడేమో, అలాగే అనుకుంటున్నా.

ఐహెచ్‌సీ రిపోర్టు కోసం హాల్లో కూర్చున్న రోజు ఫిబ్రవరి 1, శనివారం. టీవీలో నిర్మలా సీతారామన్ బడ్జెట్ చదువుతోంది. మామూలుగా అలాంటిచోట టీవీ ఎవరూ చూడరు. జిల్లా ఆసుపత్రుల్లో డే కేర్ క్యాన్సర్ సెంటర్లు అనేసరికి హాలంతా తలెత్తింది. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రుల్లో, అందులో 200 ఈ 2025-26లోనే అంది. 36 మందులకు కస్టమ్స్ సుంకం పూర్తిగా తీసేస్తున్నట్టు కూడా చెప్పింది. అమ్మ నా వైపు తిరిగి, "మన పాలమూరికి వస్తదా అది?" అని అడిగింది. వస్తుందన్నాను. ఎప్పటికో చెప్పలేదు.

డే కేర్ అంటే ఏంటో, అది జిల్లాలో ఉంటే ఏం మిగిలేదో అప్పటికి నాకు సరిగ్గా తెలియదు. కీమో మొదలయ్యాక తెలిసింది. దానికి తర్వాత వస్తా.

రిపోర్టులు వచ్చాయి. ఈఆర్, పీఆర్ పాజిటివ్, హెర్-2 నెగెటివ్. డాక్టరు ఇది కొంత మంచిదే అంది, ఖరీదైన ఇంజెక్షన్ అక్కర్లేదు, చివర్లో మాత్రతో సరిపోతుంది అని. ఆమె మాట పూర్తికాకముందే నేను లోపల దేవుడికి దండం పెట్టుకున్నా. క్యాన్సర్ వచ్చిందన్న రోజు అలా సంతోషపడతానని ఎవరైనా చెబితే నమ్మేదాన్ని కాదు.

ప్రీ-ఆథ్ పెట్టిన మర్నాడే క్వెరీ పడింది. క్వెరీ పడటం అంటే, అప్రూవల్ ఇచ్చే డాక్టర్లకు ఏదో సరిపోలేదని. మా విషయంలో అది పేరు, వయసు. ఆధార్‌లో ఉన్నామె, రేషన్ కార్డులో ఉన్నామె ఒకే మనిషని చూపించాలి. నేను మీసేవలో పని చేస్తానని చెప్పడానికి మిత్ర దగ్గర నాకు సిగ్గేసింది. దీపం కిందే చీకటంటే ఇదే. ఆ రాత్రి బస్సుకే వెనక్కి వచ్చి, అమ్మ పాత ఓటరు కార్డు, పాస్‌బుక్కు వెతికి, స్కాన్లు చేసి, రెండూ ఒకరివేనని డిక్లరేషన్ రాయించి పొద్దున్నే పంపా. నాకు ఆ పని వచ్చు కాబట్టి ఒక్క రాత్రిలో అయింది. రానివాళ్లకు వారం పట్టేది, ఇంకో వెయ్యి పోయేది. ఆ తర్వాత మా కౌంటర్లో ముసలివాళ్లు ఎవరు ఏ పనికి వచ్చినా, ఆధార్, రేషన్ కార్డు రెండూ పక్కపక్కన పెట్టి చూడటం అలవాటు చేసుకున్నా.

మూడో రోజు అప్రూవల్ వచ్చింది. ఫిబ్రవరి మధ్యలో ఆపరేషన్. బాగానే జరిగింది. ఆపరేషన్ గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏం లేదు, నేను బయటే ఉన్నా కదా. ఒక్క విషయం తప్ప. మూడో రోజు కట్టు మార్చేటప్పుడు ఒక కుర్రాడు సెల్‌ఫోన్ పట్టుకొచ్చాడు, క్లెయిముకు ఫోటో కావాలని. మొహం, కోత పడ్డ చోటు రెండూ కనపడాలట. ఆపరేషన్ చేయకుండానే చేశామని డబ్బులు గుంజే ఆసుపత్రులు ఉండబట్టి ఆ ఫోటో అడుగుతారు, అది నాకు అర్థమవుతుంది. ప్రజల డబ్బుకు రుజువు ఉండాల్సిందే. కానీ అమ్మ మొహం అటు తిప్పేసుకుంది. నేను సిస్టర్‌ను పిలిచి, ఆమె చేతే తీయించా. అడిగితే ఒప్పుకున్నారు. అడగకపోతే ఆ కుర్రాడే తీసేవాడు.

డిశ్చార్జి రోజు దారి ఖర్చులకని కొంత డబ్బు చేతిలో పెట్టి సంతకం తీసుకున్నారు. ఇంకో కాగితం కూడా. ఈ చికిత్సకు నా దగ్గర ఒక్క రూపాయి కూడా తీసుకోలేదు అని అందులో ఉంది. అమ్మ చదువుకోలేదు, వేలిముద్ర వేయబోయింది. నేను చదివి ఆగా. బ్యాగులో 22,000 బిల్లులు ఉన్నాయి, ఆ ఆసుపత్రివే. మిత్రను అడిగితే, "అవి అడ్మిషన్‌కు ముందువి అక్కా, ఇది అడ్మిషన్ తర్వాత సంగతి" అన్నాడు. నాలుగు రోజుల్లో కీమో అప్రూవల్ కూడా వీళ్లే పెట్టాలి. అమ్మ నా మొహం చూసింది. వెయ్యమన్నాను. ఆ వేలిముద్ర వద్దని ఉండాల్సిందా అని ఇప్పటికీ అప్పుడప్పుడు ఆలోచిస్తా.

ఇక కీమో. మూడు వారాలకోసారి, మొత్తం ఎనిమిది. మొదటి నాలుగు ఎర్ర మందు, తర్వాతి నాలుగు వేరేది. ప్రతిసారీ కొత్తగా అప్రూవల్. మందుకు పైసా కట్టలేదు. కట్టిందంతా మందు చుట్టూ ఉన్నవాటికి. రెండు రోజుల ముందు రక్తపరీక్ష చేయించాలి. తెల్లకణాలు తక్కువుంటే వాయిదా. మూడోసారి అలాగే పొద్దున నాలుగున్నరకు లేచి బయల్దేరి, పదకొండింటికి మా వంతు వస్తే, కౌంట్ లేదు వారం తర్వాత రండని పంపేశారు. ఆ రోజు నా జీతం కోత, అన్న వదినల కూలీ పోయింది.

వెళ్లేటప్పుడు ఎక్స్‌ప్రెస్ బస్సు. మహాలక్ష్మి కింద మా ఇద్దరికీ జీరో టికెట్టే. ఆ బస్సు, 10 లక్షల ఆరోగ్యశ్రీ రెండూ ఒకే రోజు మొదలయ్యాయి, 2023 డిసెంబరు 9న. నాకు నిజం చెప్పమంటే అమ్మ చికిత్సకు ఆ రెండింట్లో బస్సే ఎక్కువ పనికొచ్చింది. వచ్చేటప్పుడు మాత్రం ఆ బస్సు పనికిరాదు. ఎర్ర మందు ఎక్కించాక గంటలో వాంతులు. నిలబడే చోటు లేని బస్సులో వంద కిలోమీటర్లు. మొదటిసారి షాద్‌నగర్ దాటకముందే దిగిపోయి రోడ్డు పక్కన కూర్చున్నాం. రెండోసారి నుంచి తిరుగుదారికి కారు, 2,800. ఎనిమిదింట్లో ఐదుసార్లు కారు మాట్లాడాం.

రైలుకూ రాయితీ ఉంది. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో టికెట్టు పూర్తిగా ఉచితం, తోడు వెళ్లేవాళ్లకు 75 శాతం తగ్గింపు. ఆసుపత్రి ఇచ్చే ఫారం చూపించాలి. ఆ సంగతి నాకు వార్డులో ఇంకో పేషెంటు కూతురు చెప్పేసరికి అయిదు కీమోలు అయిపోయాయి. చివరి రెండుసార్లు కాచిగూడ నుంచి రైల్లో పడుకోబెట్టి తెచ్చా. మొదటే తెలిసి ఉంటే అన్న ఇంకో చిట్టీ పాడేవాడు కాదు.

అప్పుడు గుర్తొచ్చింది ఫిబ్రవరిలో టీవీలో విన్న డే కేర్ సంగతి. డాక్టరు హైదరాబాద్‌లో మందు రాసి ఇస్తే, జిల్లా ఆసుపత్రిలో పొద్దున రక్తం చూసి, మధ్యాహ్నం సెలైన్ పెట్టి, సాయంత్రం ఇంటికి పంపడమే కదా అది. ఎనిమిది ప్రయాణాల్లో ఏడైనా తప్పేవి.

వార్డులో కూర్చుంటే పథకం పరిమితుల మీద పందేల్లా మాట్లాడుకునేవాళ్లు. కర్నూలు నుంచి వచ్చిన ఒక పెద్దామె, "మాకు 25 లక్షలు" అనేది గర్వంగా. మావాళ్లు "మాకు 10" అనేవాళ్లు. చివర్లో మిత్రను అడిగి అమ్మ పేరు మీద మొత్తం ఎంత వాడారో చూపించమన్నా. స్క్రీను చూసి లక్షా ఎనభై వేల చిల్లర అన్నాడు. అంటే మొదట్లో ఉన్న రెండు లక్షల పరిమితిలోనే సరిపోయేది! పది లక్షలు అవసరమయ్యే జబ్బులు లేవని కాదు. పక్క బెడ్డులో హెర్-2 పాజిటివ్ ఉన్నామె కూతురు సీఎం సహాయనిధి కోసం ఎమ్మెల్యే ఉత్తరం పట్టుకుని తిరుగుతుండేది, ఆమెకు ఎంతైనా తక్కువే. కానీ మాలాంటివాళ్లను ముంచేది ఆ పెద్ద అంకె కిందకు రాని చిన్న ఖర్చులు. కౌంటర్లో మీకు పరిమితి ఎంత అని అడిగేవాళ్లే గానీ, అక్కడికి చేరేదాకా ఎంతైందని అడిగేవాళ్లు నాకు కనపడలేదు.

సెప్టెంబరులో రేడియేషన్ మొదలైంది. పదిహేను రోజులు, శని ఆదివారాలు తీసేసి వరసగా. ఒక్కో రోజు మిషన్ కింద పట్టేది పది నిమిషాలు. దానికోసం మూడు వారాలు నగరంలో ఉండాలి, కానీ అడ్మిషన్ ఉండదు కాబట్టి మంచం ఉండదు. ఆసుపత్రి వెనక వీధిలో మాలాంటివాళ్లకే అద్దెకిచ్చే గదులు ఉన్నాయి. రోజుకు 400. బాత్రూము ఆరు గదులకు ఒకటి. అమ్మ అక్కడ బాగానే కలిసిపోయింది. చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని పుణెకు కూలీకి పోయిన మనిషి, ఇలాంటి గదులు ఆమెకు కొత్త కాదు.

ఆరో రోజో ఏడో రోజో అయింది. సెప్టెంబరు మధ్యలో, ప్రైవేటు నెట్‌వర్క్ ఆసుపత్రులు బకాయిలు రావట్లేదని ఆరోగ్యశ్రీ సేవలు ఆపేస్తున్నామని ప్రకటించాయి. వాట్సాప్‌లో చూసి పరుగెత్తా. టెక్నీషియన్ మంచి అబ్బాయి. "రేపటి సంగతి నేను చెప్పలేను అక్కా, పైనుంచి ఏమంటే అది" అన్నాడు. రేడియేషన్ మధ్యలో గ్యాప్ రాకూడదని మొదటిరోజు మాకు గట్టిగా చెప్పింది వాళ్లే. రెండు రోజులు పోయింది. కౌంటర్ దగ్గర ఎవరో అరుస్తున్నారు, సెక్యూరిటీ వచ్చాడు. నేను అరవలేదు. ఎవరి మీద అరవాలో తెలియలేదు. డబ్బు రాని ఆసుపత్రి జీతాలు ఎక్కడి నుంచి ఇవ్వాలి అన్నదీ నిజమే, అప్రూవల్ ఇచ్చాక మధ్యలో మిషన్ ఆపడం ఏంటి అన్నదీ నిజమే. కొద్దిరోజుల్లో చర్చలు జరిగి సేవలు మళ్లీ మొదలయ్యాయి. అమ్మకు ఆ రెండు రోజులూ చివర్లో కలిపారు. గది అద్దె 800 మాది.

ఆ రెండు రోజులు గదిలో పని లేక ఫోన్లో ఆరోగ్య బడ్జెట్ల గురించి చదువుతూ కూర్చున్నా. 2017లో వచ్చిన జాతీయ ఆరోగ్య విధానంలో ప్రభుత్వాలు ఆరోగ్యం మీద పెట్టే ఖర్చును జీడీపీలో 2.5 శాతానికి తీసుకెళ్లాలని రాసుకున్నారు. ఏ ఏడాదికల్లా అంటే, 2025. చదివి అమ్మకు చెప్తే, జీడీపీ అంటే ఏందే అంది. చెప్పడం మొదలుపెట్టా. మధ్యలోనే నిద్రపోయింది.

అక్టోబరులో ఇంటికొచ్చాం. డాక్టరు ముందే చెప్పిన ఆ మాత్ర, లెట్రోజోల్, రోజూ ఒకటి, ఐదేళ్లు. జనఔషధి దుకాణంలో తెస్తున్నా, అక్కడ తక్కువకే వస్తుంది. జుట్టు మళ్లీ వస్తోంది, ఈసారి ఉంగరాలుగా. అమ్మకు అది తెగ నచ్చింది.

పోయిన నెల ఆశా మళ్లీ అదే ఫారం పట్టుకుని మా వీధికి వచ్చింది. అమ్మ ఆమెను లోపలికి పిలిచి, అన్నను నీళ్ల ట్యాంకు చూసి రమ్మని పంపి, పక్కిళ్ల ఆడవాళ్లు నలుగురిని కేకేసి తలుపు దగ్గరికి వేసింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నేను కౌంటర్లో ఉన్నా. సాయంత్రం ఫోన్ చేసి, ఆ నలుగురిలో ఒకామెను వచ్చే మంగళవారం పీహెచ్‌సీకి తీసుకుపోవాలి, లీవు పెట్టుకో అంది.

అమ్మ చెకప్ కూడా దగ్గర పడింది. రెండో వైపుకు మామోగ్రాం రాశారు. మిత్రకు ఫోన్ చేసి అడిగా, దీనికి అప్రూవల్ పెట్టాలా అని. అక్కర్లేదక్కా, బిల్లింగులో కట్టేయండి అన్నాడు.